విశాఖ రోడ్ల మీద బండి: ఒక్క సెకను ముందుండటం ఎలా

విశాఖలో బైకో స్కూటరో తీస్తే ఒకే పూటలో నాలుగు రకాల రోడ్లు తగులుతాయి. ఊరి నడిబొడ్డులోంచి పోయే జాతీయ రహదారి, పోర్టు చుట్టూ ట్రైలర్ లారీలు తిరిగే రోడ్లు, పక్కనే సముద్రమున్న భీమిలి దారి, సింహాచలం, కైలాసగిరి కొండ మలుపులు. పడే తీరు ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. పడ్డవాళ్లలో ఎక్కువమంది చెప్పే మాట మాత్రం ఒకటే: "చూసేసరికే మీదకొచ్చేశాడు." కరువైంది టైము. చూపు గురించి చెప్పినా, బ్రేకు గురించి చెప్పినా, టైరులో గాలి గురించి చెప్పినా, ఇక్కడ చెప్పేదంతా ఆ ఒక్క సెకనును ముందుగా చేతికి తెచ్చుకోవడం గురించే.

ముందు లెక్క చూద్దాం. గంటకు 60 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. ప్రమాదం కంటపడి, అది బుర్రకెక్కి, చెయ్యి బ్రేకు దాకా వెళ్లడానికి సుమారు ఒక సెకను పడుతుంది. ఆ 17 మీటర్లూ బండి అదే వేగంతో పోతూనే ఉంటుంది. ఆ తర్వాత పొడి రోడ్డు మీద, మంచి టైర్లతో, బ్రేకు సరిగ్గా పట్టినా ఆగడానికి మరో 23 మీటర్లు కావాలి. మొత్తం 40. అదే 40 కి.మీ. వేగంలో అయితే 11 ప్లస్ 10, అంటే 21 మీటర్లు. 80 మీద ఉంటే 22 ప్లస్ 41, దగ్గర దగ్గర 63. వేగం రెట్టింపైతే బ్రేకు దూరం నాలుగింతలవుతుంది. తడి రోడ్డు మీద ఇంకా పెరుగుతుంది.

ఇంత దూరం పోగొట్టుకుని మిగిల్చే టైమెంత? 12 కి.మీ. దారిలో ఎక్కడా ఆగకుండా సగటున 40తో పోతే 18 నిమిషాలు, 50తో పోతే పద్నాలుగున్నర. మిగిలింది మూడున్నర నిమిషాలు. మద్దిలపాలెం, సత్యం జంక్షన్, గురుద్వారా వరసలో రెండు రెడ్ సిగ్నళ్లు పడితే అదీ పోతుంది. ఆలస్యమైతే బయల్దేరే టైము మార్చుకోండి. రోడ్డు మీద దాన్ని రాబట్టుకోవడం కుదిరే పని కాదు.

ఎదుటివాడు చూడలేదనే లెక్కతో

జంక్షన్లలో జరిగే ప్రమాదాల్లో ఎదుటివాడు తరచూ మనవైపు తల తిప్పి చూసే ఉంటాడు. అయినా బండి అతని బుర్రకెక్కదు. ఎదురుగా వచ్చే బైకు సన్నగా ఉంటుంది, కారు ముందు అద్దం పక్కనుండే స్తంభం వెనక దాక్కుంటుంది. కనపడినా అంత సన్నటి వస్తువు ఎంత వేగంగా దగ్గరవుతోందో అంచనా దొరకదు. "ఇంకా దూరంగానే ఉన్నాడులే" అనుకుని కారు అడ్డంగా తిప్పేస్తాడు. 2017 ఏప్రిల్ నుంచి వచ్చే కొత్త బండ్లలో హెడ్‌లైటు పగలూ వెలిగే ఉండేది ఇందుకే. పాత బండి అయితే స్విచ్ వేసుకోండి, లో బీమ్ చాలు.

కళ్లు కలిశాయి కాబట్టి చూశాడని నమ్మకండి. అతని ముందు చక్రం చూడండి. మొహం అబద్ధం చెబుతుంది గానీ చక్రం చెప్పదు. అది పావు వంతు తిరిగిందంటే బండి వచ్చేస్తున్నట్టే. జంక్షన్ దగ్గరపడగానే ఎక్సలేటర్ వదిలి, కుడిచేతి రెండు వేళ్లు ముందు బ్రేకు లివర్ మీద, కుడికాలు వెనక బ్రేకు మీద ఆనించి ఉంచండి. బ్రేకు వెయ్యనక్కర్లేదు, సిద్ధంగా ఉంటే చాలు. చెయ్యి లివర్ దాకా పోయే టైము కలిసొస్తుంది. మీ వరసలోనే కొంచెం పక్కకు జరిగి మళ్లీ వస్తే ఆ కదలిక ఎదుటివాడి కంటికి ఆనుతుంది. చిన్న హారన్ ఒకటి కొట్టండి. బారుగా మోగిస్తే ఎవరికీ పట్టదు, ఊళ్లో అందరూ అదే పనిలో ఉంటారు.

చూపు ఎంత దూరం ఉండాలంటే, 40 వేగంలో వంద మీటర్ల అవతల దాకా. ముందు టైరు కిందకొచ్చిన గతుకును చూస్తూ పోయేవాడికి ఎప్పుడూ ఆలస్యమే. దూరంగా చూసి, దగ్గరకొచ్చి, అద్దాల్లో చూసి, మళ్లీ దూరానికి వెళ్లాలి. అద్దాల్లో మీ మోచెయ్యి అంచు మాత్రమే కనపడేలా సర్దుకోండి. భుజాలే నిండిపోతే వెనకున్న రోడ్డు కనపడదు. ఎంత సర్దినా పక్కనే ఉన్న బండి అద్దంలో పడని చోటు ఒకటి ఉంటుంది. అందుకే వరస మారేముందు ఇండికేటర్ వేసి, అద్దం చూసి, గడ్డం భుజం వైపు ఒక్కసారి తిప్పి చూడాలి.

ఇక మన ఆటోలు. సర్వీసు ఆటో ఎప్పుడు ఆగుతుందో దాని బ్రేకు లైటు కంటే ముందే రోడ్డు పక్కన నిలబడ్డ మనిషి చెబుతాడు. ఇసుకతోట, వెంకోజీపాలెం లాంటి చోట్ల ఎవరైనా చెయ్యెత్తితే కుడి వరసలో పోతున్న ఆటో కూడా ఇండికేటర్ లేకుండా ఎడమకి కోసుకొస్తుంది. కాబట్టి ఆటో వెనక పోతుంటే ఆటోను కాక ఫుట్‌పాత్‌ను చూడండి. ఆటోకి ఎడమ పక్క నుంచి దూరే అలవాటు మానెయ్యండి. ఆటో ఆగిందో లేదో దిగేవాడి కాలు అటే పడుతుంది. ఆగిన సిటీ బస్సును దాటేటప్పుడు బస్సు ముందు నుంచి ఎవరో పరిగెత్తుకొస్తారన్న లెక్కతోనే 20కి తగ్గండి. ద్వారకానగర్, డాబాగార్డెన్స్‌లలో వరసగా ఆపిన కార్ల పక్కన తలుపు తెరుచుకునేంత దూరం, ఒక మీటరైనా వదలండి.

రోడ్డు ఎడమ అంచు క్షేమం అనుకుంటారు. డివైడర్‌లో తెరపి దూరంగా ఉన్న చోట ఆ అంచునే రాంగ్ రూట్ బండ్లు ఎదురొస్తాయి. ఇసుక, గులకరాళ్లు చేరేదీ అక్కడే. అంచు నుంచి మీటరు, మీటరున్నర లోపలికి ఉండండి. ఎడమకి తప్పుకోవడానికి జాగా మిగులుతుంది, వెనకవాడికీ స్పష్టంగా కనపడతారు.

ముందు బ్రేకు

బండి నేర్పిన బాబాయో అన్నయ్యో చాలామందికి చెప్పే మొదటి మాట: "ముందు బ్రేకు ముట్టుకోకు, పల్టీ కొడతావ్." ఇంత నష్టం చేసిన సలహా ఇంకోటి లేదు. బ్రేకు పడగానే బరువంతా ముందు చక్రం మీదకు వస్తుంది. వెనక చక్రం తేలికవుతుంది. అంటే రోడ్డును గట్టిగా పట్టుకునే శక్తి ముందు టైరుకే ఉంటుంది. పొడి రోడ్డు మీద బండిని ఆపే బలంలో మూడింట రెండొంతుల పైనే ముందు బ్రేకు నుంచి వస్తుంది. వెనక బ్రేకు ఒక్కటే నమ్ముకుంటే ఆగే దూరం దాదాపు రెట్టింపవుతుంది, చక్రం లాక్ అయి బండి తోక తిప్పుతుంది.

పల్టీ కొట్టడం, జారిపడటం జరిగేది ముందు బ్రేకు వాడినందుకు కాదు, ఒక్కసారిగా గుంజినందుకు. బరువు ముందుకు చేరడానికి అరసెకను లోపే అయినా కొంత టైము కావాలి. అది చేరకముందే చక్రాన్ని బిగిస్తే టైరు జారుతుంది. అందుకే లివర్‌ను నిమ్మకాయ పిండినట్టు నొక్కాలి. మొదట ఆనించి, ముందు ఫోర్క్ కిందకు కూర్చోవడం తెలిశాక, అప్పుడు బలం పెంచుతూ పోవాలి. వెనక బ్రేకు అదే సమయంలో తేలికగా వేసి, బండి ముందుకు ఒరిగేకొద్దీ కొంచెం వదలాలి. మోకాళ్లతో ట్యాంకును నొక్కి పట్టండి. లేకపోతే ఒంటి బరువంతా చేతుల మీద పడి హ్యాండిల్ వంకరపోతుంది. తల ఎత్తి దూరంగా చూడండి. క్లచ్ చివర్లో, ఇంజిన్ ఆగిపోతుందనిపించినప్పుడు పట్టుకుంటే చాలు. మొదటే పట్టేస్తే ఇంజిన్ ఇచ్చే బ్రేకు పోతుంది.

ఇది చదివితే వచ్చేది కాదు. కంగారులో చెయ్యి తనకు అలవాటైన పనే చేస్తుంది. మధురవాడ, కొమ్మాది వైపు ఇళ్లు ఇంకా రాని లేఔట్ రోడ్లు ఉంటాయి. ఆదివారం పొద్దున్నే, ఇసుక లేని ఒక తారు ముక్క చూసుకోండి. హెల్మెట్, బూట్లు, చేతి గ్లోవ్స్ వేసుకుని, ఎవరైనా ఒక మనిషిని తోడు తీసుకెళ్లండి. సుద్దతో అడ్డంగా గీత గీయండి. మొదట 20 వేగంలో వచ్చి గీత మీదకు రాగానే బ్రేకు మొదలుపెట్టండి. ముందు బ్రేకు ఒక్కటే ఒక అయిదు సార్లు, రెండూ కలిపి అయిదు సార్లు. ఆగిన చోటల్లా ముందు చక్రం దగ్గర గుర్తు పెట్టండి. లివర్ మీద పట్టు దొరికాక 30, ఆ తర్వాత 40. నలభైలో గీత నుంచి 10, 12 మీటర్లలో నిటారుగా ఆగగలిగితే బాగా పట్టుకున్నట్టే. 15 దాటుతుంటే ముందు బ్రేకు ఇంకా సగమే వాడుతున్నారు. బండి ఒక పక్కకు లాగుతుంటే చూపు ఎక్కడుందో చూసుకోండి, చాలాసార్లు గీతనే చూస్తూ ఉంటారు.

ముందు చక్రం జారితే కిర్రుమనే చప్పుడుతో పాటు హ్యాండిల్ తేలిపోయినట్టు తెలుస్తుంది. వెంటనే లివర్ వదిలి, మళ్లీ మెల్లగా నొక్కాలి. వెనక చక్రం లాక్ అయి బండి ఇంకా తిన్నగానే ఉంటే బ్రేకు కొంచెం వదలండి. అప్పటికే వెనక భాగం బాగా పక్కకు తిరిగిపోయి ఉంటే ఠక్కున వదలొద్దు. చక్రం ఒక్కసారి పట్టు దొరకబుచ్చుకుని బండి ఎదురు దిక్కుకు విదిలించి మనిషిని పైకి విసిరేస్తుంది. ఆ స్థితిలో అలాగే తొక్కి ఉంచి ఆగడమే మేలు.

చక్రం లాక్ అవకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండి అయితే కంగారు బ్రేకులో లివర్ వేళ్ల కింద గడగడలాడుతుంది. చాలామంది భయపడి వదిలేస్తారు. వదలకండి, ఇంకా గట్టిగా పట్టండి, అది తన పని చేసుకుంటోంది. ఒకే చానెల్ ఏబీఎస్ అయితే అది కాపాడేది ముందు చక్రాన్నే. వెనకది మాత్రం లాక్ అవుతుంది. 125 సీసీ, అంతకన్నా చిన్న బండ్లకు, స్కూటర్లకు ఉండే కంబైన్డ్ బ్రేకులో వెనక లివర్ పట్టినా ముందు బ్రేకు కొంత పడుతుంది. కొంతే. స్కూటర్ నడిపేవాళ్లు ఎడమ లివర్ ఒక్కటే వాడి బతికేస్తుంటారు. పూర్తి బలం కావాలంటే కుడిది కూడా నొక్కాల్సిందే.

లారీల పక్కన

షీలానగర్ నుంచి పోర్టు వైపు, కాన్వెంట్ జంక్షన్, సింధియా, మల్కాపురం, గాజువాక. ఈ దారుల్లో పెద్ద ట్రైలర్లు, ట్యాంకర్లు మనకు రోజూ తోడు. వాటి గురించి రెండు సంగతులు తెలిస్తే చాలావరకు బయటపడతాం.

ఒకటి, డ్రైవర్‌కి కనపడని చోట్లు. క్యాబిన్‌కి సరిగ్గా ముందు, వెనక బాడీకి ఆనుకుని, అన్నిటికంటే ఎక్కువగా ఎడమ పక్క. డ్రైవర్ కుడి పక్కన ఎత్తులో కూర్చుంటాడు, ఎడమ తలుపు కింద నిలబడ్డ బైకు అతని లెక్కలో ఉండదు. లారీ అద్దంలో మీకు డ్రైవర్ మొహం కనపడకపోతే అతనికి మీరు కనపడనట్టే.

రెండు, మలుపు. పొడవాటి ట్రైలర్ ఎడమకి తిరగాలంటే ముందు కుడికి ఒరిగి తర్వాత తిరుగుతుంది. ముందు చక్రాలు వెళ్లిన దారిలో వెనక చక్రాలు వెళ్లవు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. కుడికి ఒరిగినప్పుడు ఎడమ పక్కన ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీలోకి దూరినవాడు వెనక చక్రాలకూ ఫుట్‌పాత్‌కూ మధ్య ఇరుక్కుంటాడు. సిగ్నల్ దగ్గర లారీ ఉంటే దాని పక్కన ఆగకండి. పూర్తిగా ముందుకెళ్లి డ్రైవర్‌కి కనపడేలా నిలబడండి, కుదరకపోతే వెనకే ఉండండి. వెనక పోయేటప్పుడు కూడా దూరం ఉంచాలి. లారీ చక్రాల మధ్యలోంచి వదిలేసిన గుంత మీ ముందు చక్రం కిందకే వస్తుంది.

దూరం కొలవడానికి మీటర్లు అక్కర్లేదు. ముందు బండి ఒక కరెంటు స్తంభాన్ని దాటగానే "వెయ్యిన్నొకటి, వెయ్యిన్ని రెండు" అనుకోండి. అది పూర్తవకముందే మీరు ఆ స్తంభం చేరితే దగ్గరగా ఉన్నట్టు. వానలో "వెయ్యిన్ని నాలుగు" దాకా. మధ్యలో ఎవరో ఒకడు దూరతాడు, దూరనివ్వండి, మళ్లీ రెండు సెకన్లు వెనక్కి తగ్గండి. ఇలా పది మంది దూరినా పోయేది అర నిమిషం లోపే. దూరినవాడి మీద కోపం తెచ్చుకుని వెంటపడితే మాత్రం మీ చూపంతా వాడి నంబరు ప్లేటు మీదే ఉంటుంది, రోడ్డును చూసేవాడు ఉండడు.

పోర్టు దారుల్లో రోడ్డుకు అడ్డంగా పోయే రైలు పట్టాలను ఏటవాలుగా దాటకండి. సన్నటి టైరు పట్టా పక్క గాడిలో పడుతుంది, తడిగా ఉంటే ఇనుము మీద జారుతుంది. కొంచెం ముందే బండి సర్దుకుని, వీలైనంత నిలువుగా, బ్రేకూ రేజూ రెండూ లేకుండా దాటాలి.

వాన, ఇసుక, గాలి, ఎండ

వాన మొదలైన తొలి పావుగంట, అరగంట అన్నిటికంటే చెడ్డవి. రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము, పోర్టు వైపు బొగ్గు పొడి, నీళ్లతో కలిసి జిగురవుతాయి. బాగా కురిసి కొట్టుకుపోయాక రోడ్డు కొంత నయం. టైము ఉంటే ఆ అరగంట ఎక్కడైనా ఆగిపొండి. ఫ్లైఓవర్ కింద రోడ్డు మీదే మాత్రం ఆగకండి, వెనకొచ్చే బస్సుకి దారి లేకుండా పోతుంది. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ అతుకుల ఇనుప పట్టీలు తడిస్తే గాజులా ఉంటాయి. వాటి మీద బండి వంచకండి, బ్రేకు వెయ్యకండి. వానలో చెయ్యాల్సిన పనులు పొడి రోడ్డు మీద చేసేవే. అన్నీ ముందుగా మొదలుపెట్టి, నెమ్మదిగా చెయ్యాలి.

చావులమదుం లాంటి రైలు వంతెన కింద నీళ్లు నిలిచాయా, ముందు పోయే బండిని చూడండి. ఇరుసు దాకా మునుగుతుంటే వెనక్కి తిరగడమే తెలివి. అంతకన్నా తక్కువైతే మొదటి గేరులో, రేజ్ తగ్గించకుండా, మధ్యలో గేరు మార్చకుండా దాటాలి. రేజ్ వదిలితే సైలెన్సర్‌లోకి నీరు పోయి ఇంజిన్ ఆగుతుంది. అలా ఆగిపోతే అక్కడే మళ్లీ స్టార్ట్ చెయ్యకుండా తోసుకుంటూ బయటికి తీసుకురండి. గట్టు ఎక్కాక తక్కువ వేగంలో రెండు బ్రేకులూ తేలికగా ఆనించి కాసేపు నడపండి. డ్రమ్ము ఆరేదాకా బ్రేకు పడదు.

బీచ్ రోడ్డులో జోడుగుళ్లపాలెం, రుషికొండ వైపు సముద్రపు గాలికి ఇసుక తారు మీదకు పరుచుకుంటుంది. అది లేత రంగులో ఉండటంతో మధ్యాహ్నం ఎండలో ఆనదు. మలుపుకు ముందే వేగం తగ్గించుకోండి. ఇసుక మీదకు వెళ్లిపోతే బండిని నిటారుగా చేసి, బ్రేకు ముట్టకుండా, తిన్నగా దాటిపోనివ్వండి. కొండ అడ్డు తొలగిన చోట గాలి ఒక్కసారి పక్క నుంచి కొడుతుంది. హ్యాండిల్‌ను బిగించి పట్టుకుంటే బండి ఇంకా ఊగుతుంది. చేతులు వదులుగా ఉంచి మోకాళ్లతో ట్యాంకు పట్టుకోండి.

శీతాకాలం సాయంత్రం మద్దిలపాలెం నుంచి ఎన్‌ఏడీ వైపు పోయేవాళ్లకు పొద్దు సూటిగా కళ్లలో పడుతుంది. మీకే కాదు, మీ వెనకున్న బస్సు డ్రైవర్‌కీ అంతే. ఆ గంటలో బ్రేకు వేసేముందు వెనక లైటు రెండుసార్లు వెలిగేలా పెడల్‌ను తేలికగా తాకండి. నల్ల వైజర్ పగటికే, చీకటి పడితే తెల్లది ఉండాలి. గీతలు పడ్డ వైజర్‌లో ఎదురు బండి హై బీమ్ చెదిరిపోయి రోడ్డంతా మాయమవుతుంది, అలాంటిది మార్చెయ్యండి. ఎదురు వెలుతురు భరించలేకపోతే వేగం తగ్గించి రోడ్డు ఎడమ అంచు గీతను చూస్తూ పోండి.

కొండ మలుపులు

సింహాచలం కొండకైనా, శృంగవరపుకోట దాటాక అనంతగిరి ఘాట్‌కైనా పద్ధతి ఒకటే. మలుపులోకి వెళ్లేలోపే బ్రేకు పని, గేరు పని పూర్తవ్వాలి. లోపల సన్నగా రేజ్ ఇస్తూ ఉండాలి. బండి వంగి ఉన్నప్పుడు టైరు పట్టులో చాలా భాగం తిరగడానికే ఖర్చవుతుంది, బ్రేకుకు మిగిలేది తక్కువ.

తిప్పడం ఎలా అన్నది చాలామంది చేతులకు తెలుసు, బుర్రకు తెలియదు. ముప్పై దాటిన వేగంలో ఎడమకి తిరగాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెట్టాలి. హ్యాండిల్ ఒక వెంట్రుకవాసి కుడికి తిరుగుతుంది, బండి ఎడమకి వంగుతుంది. కుడి మలుపుకు కుడి చెయ్యి. ఖాళీ రోడ్డు మీద తిన్నగా పోతూ ఒక్కో అరచేత్తో మెల్లగా నెట్టి చూడండి, బండి ఎటు వంగుతోందో వెంటనే తెలుస్తుంది. గుంత తప్పించడానికీ ఇదే కిటుకు. మలుపులో వేగం ఎక్కువైందని భయం వేసినప్పుడు ఇదే ప్రాణం కాపాడుతుంది. అప్పుడు చాలామంది బ్రేకు గుంజి, లోయ పక్కనున్న గోడను చూస్తారు. చూసిన వైపే బండి పోతుంది. మలుపు చివర, రోడ్డు బయటపడే చోటు చూడండి. లోపలి హ్యాండిల్‌ను ఇంకొంచెం నెట్టండి. మామూలు రోడ్డు బండి మనం ధైర్యం చేసేదానికన్నా బాగా ఎక్కువే వంగగలదు.

ఎడమ మలుపులో మధ్య గీతకు దూరంగా ఉండండి. కుడి మలుపులో అయితే టైరు గీతకు ఇవతలే ఉన్నా వంగిన తల, భుజం అవతలి వరసలో ఉంటాయి, ఎదురొచ్చే బస్సుకు తగిలేది అవే. హెయిర్‌పిన్ దగ్గర ఆర్టీసీ బస్సుకు రోడ్డు మొత్తం కావాలి. ఎదురు బస్సు కనపడితే మలుపుకు ముందే ఆగి దారివ్వండి. ఎక్కేవాడికి దిగేవాడు దారి ఇవ్వాలన్నది నిబంధన. ఏటవాలులో ఆగి మళ్లీ కదలడం ఎక్కేవాడికే కష్టం. ఎక్కేటప్పుడు ఆగితే వెనక బ్రేకు మీద బండిని నిలిపి, క్లచ్ సగం వదిలి ఇంజిన్ లాగడం తెలిశాక బ్రేకు వదలండి.

దిగేటప్పుడు, ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి. పెట్రోలు మిగులుతుందని ఇంజిన్ ఆపి న్యూట్రల్‌లో దిగేవాళ్లను ఇప్పటికీ చూస్తాం. ఇంజిన్ పట్టు పోతే భారమంతా బ్రేకుల మీద పడుతుంది. డ్రమ్ము వేడెక్కి లైనింగ్ పట్టు తగ్గుతుంది, డిస్క్ బండిలో అయితే పాత బ్రేకు ఆయిల్ మరిగి లివర్ మెత్తగా లోపలికి పోతుంది. కాలిన వాసన వచ్చినా, లివర్ ఎక్కువ దూరం పోతున్నా పక్కకు ఆపి పావుగంట చల్లారనివ్వండి. వేడి డిస్క్ మీద నీళ్లు పొయ్యకండి.

అరకు, లంబసింగి పొద్దుటి మంచులో హై బీమ్ వేస్తే తెల్లగోడ తప్ప ఏమీ కనపడదు. లో బీమే వెయ్యండి. కనపడినంత దూరంలో ఆగగలిగే వేగమే వేగం. ముప్పై మీటర్లే కనిపిస్తుంటే 40 దాటకూడదు, తడిగా ఉంటే 30 చాలు. గుంపుగా పోతే ముందున్నవాడి వేగాన్ని అందుకోవాలని చూడకండి. బాగా నెమ్మదిగా నడిపేవాణ్ని ముందు నుంచి రెండోవాడిగా పెట్టండి, గుంపు వేగం దానంతటదే సర్దుకుంటుంది.

వెనక కూర్చున్నవాళ్లు

వెనక మనిషి ఎక్కితే ఆగే తీరు, తిరిగే తీరు మారతాయి. వెనక టైరుకు గాలి పెంచాలి, బ్రేకు ముందుగా మొదలుపెట్టాలి. ఇద్దరూ అలవాటు పడేదాకా మొదటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోండి. చీర కొంగు, చున్నీ ముందుకు తెచ్చి దోపుకున్నాకే బండి కదలాలి. చక్రంలో చుట్టుకుంటే మెడకే వస్తుంది. చీర గార్డు తీసేసి అందం చేయించుకోవడం తెలివితక్కువ పని, నిబంధనల ప్రకారం అది ఉండాల్సిందే. పిల్లల్ని ట్యాంకు మీద కూర్చోబెట్టొద్దు. బ్రేకు పడితే హ్యాండిల్‌కూ మీ ఛాతీకీ మధ్య నలిగేది వాళ్లే. నాలుగేళ్ల లోపు పిల్లలకు సేఫ్టీ బెల్టు, హెల్మెట్, 40 దాటని వేగం కేంద్ర నిబంధన. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరికీ, తలపాగా కట్టుకున్న సిక్కులకు తప్ప, హెల్మెట్ తప్పనిసరి.

ఒంటి మీదవి, బండివి

హెల్మెట్ కొనేటప్పుడు కనుబొమలకు అంగుళం పైన టేపు చుట్టి కొలుచుకోండి. ఐఎస్‌ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె ఉండాలి. పెట్టుకుని పక్కలకు తిప్పితే బుగ్గల చర్మం కూడా కదలాలి. పట్టీ బిగించి వెనక అంచు పట్టుకుని ముందుకు లాగండి, ఊడి వస్తే అది మీ సైజు కాదు. పట్టీకీ గడ్డానికీ మధ్య రెండు వేళ్లు దూరాలి, అంతకన్నా వదులు వద్దు. గడ్డం కప్పే ఫుల్ ఫేస్ మేలు, ముందుకు పడ్డప్పుడు నేలకు తగిలేది అదే. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్న హెల్మెట్ పైకి బాగున్నా లోపలి థర్మకోల్ నలిగిపోయి ఉంటుంది, పారెయ్యండి. మన ఉక్కపోతకు లోపలి గుడ్డ విప్పి ఉతుక్కునే రకం తీసుకుంటే పెట్టుకోవడానికి వంక ఉండదు. చెప్పులతో గేరు వెయ్యకండి. చీలమండ కప్పే బూట్లు, అరచేతికి గ్లోవ్స్ ఉండాలి. పడేటప్పుడు మనిషి ముందుగా ఆనించేది అరచెయ్యే.

టైరు గాలి వారానికోసారి, బండి చల్లగా ఉన్నప్పుడు చూపించండి. చాలా 100, 125 సీసీ బైకులకు ముందు 25, వెనక 28 నుంచి 30 పీఎస్‌ఐ దగ్గర ఉంటుంది. ఇద్దరెక్కితే వెనక ఇంకా పెంచాలి. మీ బండి అంకె చైన్ కవర్ దగ్గర స్టిక్కర్ మీదో, పుస్తకంలోనో ఉంటుంది, దాన్నే పాటించండి. బంకులో కుర్రాడు అన్నిటికీ ఒకటే కొడతాడు. టైరు గాడి లోపల అక్కడక్కడా చిన్న దిమ్మలుంటాయి, అరుగుదల వాటి ఎత్తుకు చేరితే టైరు మార్చాలి. డిస్క్ ప్యాడ్ మందం రెండు మిల్లీమీటర్లకు తగ్గితే అదీ మార్చాలి. బ్రేకు ఆయిల్ రెండేళ్లకోసారి మార్పించండి. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పీల్చుకున్నాక త్వరగా మరుగుతుంది.

ఉప్పు గాలికి మన దగ్గర చైన్ త్వరగా తుప్పు పడుతుంది. 500 కి.మీ.కి ఒకసారి కిరోసిన్‌తో తుడిచి, 90 గ్రేడు గేర్ ఆయిల్ గానీ చైన్ స్ప్రే గానీ లోపలి వైపు వేసి, పైకి కారింది గుడ్డతో తీసెయ్యండి. నూనె టైరు మీద పడకూడదు. రెండు పళ్ల చక్రాల నడుమ కింది చైన్‌ను వేలితో ఎత్తితే 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఆడాలి. పూర్తిగా బిగిస్తే గేర్‌బాక్స్ బేరింగ్ పోతుంది, వదులైతే ఊడి చక్రంలో చిక్కుకుంటుంది. రాత్రంతా బీచ్ దగ్గర పెట్టిన బండి డిస్క్ మీద సన్నటి ఎర్ర పొర పడుతుంది. పొద్దున్న మొదటి బ్రేకు సరిగ్గా పట్టదు, కాబట్టి వీధి చివరికి చేరేలోపు రెండు మూడుసార్లు బ్రేకు పట్టి చూసుకోండి.

ఎవరైనా పడితే

ముందు మీ బండి ఇంకెవరూ గుద్దని చోట ఆపి, వెనకొచ్చే బండ్లకు చెయ్యి ఊపమని ఒకరిని నిలబెట్టండి. పడ్డ బండి తాళం ఆపెయ్యండి. 108కి ఫోన్ చేసి దగ్గరి జంక్షన్ పేరు, రోడ్డుకు ఏ పక్కో చెప్పండి. జాతీయ రహదారి మీద 1033 కూడా పనిచేస్తుంది. మనిషిని లేపి కూర్చోబెట్టొద్దు, మెడ తిప్పొద్దు, నోట్లో నీళ్లు పొయ్యొద్దు. ఊపిరి ఆడుతూ ఉంటే హెల్మెట్ తియ్యకండి, వైజర్ మాత్రం ఎత్తండి. ఊపిరి లేకపోతేనే తియ్యాలి. అప్పుడూ ఒకరు మెడను, దవడను కదలకుండా పట్టుకుంటే ఇంకొకరు పట్టీ కోసి మెల్లగా లాగాలి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డ మడిచి, ఎత్తి ఎత్తి చూడకుండా, అంబులెన్స్ వచ్చేదాకా అదే పనిగా నొక్కి పట్టండి. సాయం చేసినవాళ్ల పేరు, చిరునామా బలవంతంగా అడగకూడదని మోటారు వాహనాల చట్టం 134ఏ సెక్షన్ కింద రక్షణ ఉంది. కాబట్టి కేసుల భయంతో వెనకాడక్కర్లేదు.